ఉత్తరం ఎక్కడ ఉంటది?

నిరుడు మా అక్కకు నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూ కాగితం ఈ-మెయిల్‌ల వచ్చింది. సెంటర్ అన్న తన కంప్యూటర్‌ల దించిండు. ప్రింటు తెల్లారి తీస్తనన్నడు. రాత్రికే కంప్యూటర్ చెడిపోయింది. ఇంకోచోట తెరిస్తే డబ్బా ఖాళీ! ఎందుకట్లయిందో మా సార్‌ను అడిగి తెలుసుకొని రాస్తున్నాను.

మనకొచ్చే మెయిల్ మొదట సర్వర్ అనే కంప్యూటర్‌లో ఉంటుంది. అది మన చొప్పదండి పోస్టాఫీసు వంటిది. దాన్ని చూసుకోవడానికి రెండు పద్ధతులున్నాయి.

1. పాప్: 1984లో వచ్చింది. ఉత్తరం ఇంటికి తెచ్చుకున్నట్టు. "సర్వర్‌లో కాపీ ఉంచు" అని చెప్పకపోతే అక్కడ మిగలకపోవచ్చు. అక్కకు జరిగింది ఇదే.

2. ఐమ్యాప్: 1986లో మార్క్ క్రిస్పిన్ తయారుచేశాడు. ఉత్తరం పోస్టాఫీసులోనే ఉంటుంది. ఏ కంప్యూటర్ నుంచైనా చూడొచ్చు. కానీ ఒకచోట చెరిపేస్తే అన్నిచోట్లా పోతుంది, జాగ్రత్త!

థండర్‌బర్డ్ వంటి ప్రోగ్రాంలో పేరు, మెయిల్ అడ్రసు, పాస్‌వర్డ్ ఇచ్చి ఐమ్యాప్ ఎంచుకోవాలి. పోర్టు 993. పాప్‌కైతే 995. మెయిల్ పంపడానికి మాత్రం ఎస్.ఎం.టి.పి. అని వేరే ఉంది. దాని పోర్టు 465 లేదా 587.

అక్కకు ఆ ఇంటర్వ్యూ పోయింది. ఇప్పుడు అక్క మెయిల్ నేనే ఐమ్యాప్‌ల పెట్టిన. మీ ఇంట్లో కూడా అడిగి చూడండి.

— 9వ తరగతి విద్యార్థిని