తెల్లజడ తెగిపోకుండా చూసుకుందాం

వయసు మళ్లిన తల్లులు ఆస్పత్రికి వచ్చినప్పుడు డాక్టరుగారి దగ్గర మోకాళ్ల నొప్పుల గురించి, షుగరు గురించి, బి.పి. గురించి చెబుతారు. చీటీ రాయించుకుని బయటికి వచ్చాక మెల్లగా మా దగ్గర ఆగి, "సిస్టరమ్మా, ఒక్క మాట అడుగుతాను, నవ్వకండి" అంటారు. కొంగు పక్కకు తీసి సన్నబడిన తెల్లజడ చూపిస్తారు. "ఒకప్పుడు నా జడ పిడికిట్లో పట్టేది కాదు. ఇప్పుడు దువ్వెన పెడితే చాలు, ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఇంక కత్తిరించేయడమేనా?" అని అడుగుతారు.

మేము నవ్వము. ఇది ప్రాణాపాయమైన జబ్బు కాకపోవచ్చు. కాని యాభై ఏళ్లుగా తన చేత్తో తాను దువ్వుకుని, నూనె రాసుకుని పెంచుకున్న జుట్టు అది. దాని గురించి బెంగపడటం సహజమే. మా సమాధానం ఒక్కటే: జుట్టు తెల్లబడినందువల్ల జడ వదులుకోవలసిన అవసరం లేదు. జుట్టు తెగడానికి వయసు కొంత కారణమైతే, మనం చేతులారా చేసే పొరపాట్లు అంతకంటే పెద్ద కారణం. వాటిని మానుకోవచ్చు.

ఊడుతోందా, తెగుతోందా?

ముందు ఈ తేడా తెలుసుకోవాలి. దువ్వెనలో వచ్చిన వెంట్రుకను వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక చివర చిన్న తెల్లని ఉండ ఉంటే అది కుదురు నుండి ఊడిన వెంట్రుక. ఉండ లేకుండా రెండు కొసలూ ఒకేలా ఉండి, వెంట్రుక పొట్టి ముక్కగా ఉంటే అది మధ్యలో తెగినది.

రోజుకు 50 నుండి 100 వెంట్రుకల వరకు కుదురు నుండి ఊడడం మామూలే. అంతకు మించి గుప్పెళ్లుగా ఊడుతుంటే లోపల ఏదో కారణం ఉండవచ్చు. దాని గురించి చివర చెబుతాము. ముక్కలుగా తెగుతుంటే మాత్రం మన అలవాట్లను సరిచూసుకోవాలి.

తెల్లజుట్టు తీరు వేరు

వెంట్రుకకు నలుపునిచ్చే రంగు పదార్థం ఎండ తాకిడి నుండి దానిని కొంత కాపాడుతుంది. తెల్లజుట్టుకు ఆ కాపుదల ఉండదు. పైగా ముట్లు నిలిచిపోయిన తరువాత తలచర్మంలో సహజంగా ఊరే జిడ్డు తగ్గుతుంది. అందుకే తెల్లజుట్టు చేతికి గరుకుగా, పొడిగా తగులుతుంది. పొడిగా ఉన్న వెంట్రుకలు ఒకదానితో ఒకటి రాసుకుని త్వరగా చిక్కుపడతాయి.

ఇంకొక లెక్క చెబుతాము. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుము వరకు, అంటే సుమారు 60 సెంటీమీటర్ల జడ ఉంటే, ఆ జడ కొసకు ఐదేళ్ల వయసు ఉన్నట్లు. వారానికి రెండుసార్లు తలస్నానం చేసేవారైతే ఆ కొస 500 పైగా తలస్నానాలు చూసింది. చర్మానికి గాయమైతే మానుతుంది. వెంట్రుక అలా కాదు, చర్మం దాటి బయటకు వచ్చాక దానిలో జీవం ఉండదు. చీలిన కొసను ఏ తైలమూ తిరిగి అతికించలేదు. ఉన్నదానిని అరగకుండా కాపాడుకోవడమే మన పని. చీలిన కొసలను రెండు మూడు నెలలకొకసారి అర అంగుళం కత్తిరించుకుంటే చీలిక పైకి పాకదు.

తలస్నానం

మన ఇళ్లలో తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాసే అలవాటు మంచిదే. ముంబయిలో కొబ్బరినూనె తయారుచేసే ఒక సంస్థకు చెందిన పరిశోధకులు 2003లో ప్రచురించిన పరిశోధనలో, మూడు రకాల నూనెలను పోల్చి చూస్తే కొబ్బరినూనె ఒక్కటే వెంట్రుకలోని మాంసకృత్తులు కడుగుడులో పోకుండా బాగా తగ్గించినట్లు తేలింది. నూనె అమ్ముకునేవారి మాట గనుక కొంచెం ఆచితూచి తీసుకోవచ్చు. అయినా కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకగలదనేది నిజమే. తలస్నానానికి ఒక గంట ముందు జడ మధ్య నుండి కొసల వరకు రాయండి. చుండ్రు బాగా ఉన్నవారు కుదుళ్లకు పట్టించకుండా కొసలకు మాత్రం రాసుకోవాలి.

కుంకుడుకాయ మురికిని, జిడ్డును బలంగా వదలగొడుతుంది. తెల్లజుట్టుకు అంత బలం అక్కరలేదు. రసం పలుచగా కలుపుకుని తలకు పోసుకోండి, జడ కొసలను దానితో రుద్దకండి. షాంపూ అయినా అంతే. నురగ కుదుళ్లకు పట్టించి, కిందికి జారే నీటితోనే కొసలు శుభ్రం కానివ్వండి. ఒంటి సబ్బును తలకు వాడవద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ ఉన్నచోట సబ్బు తెట్టు కట్టి వెంట్రుకలకు అంటుకుంటుంది. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు.

తరువాత చెవుల నుండి కిందికి కండిషనరు రాసి రెండు మూడు నిమిషాలు ఉంచి కడగండి. అది కొనలేనివారు మందారాకు నలిపి తీసిన జిగురు రాసుకోవచ్చు. దువ్వెన జారడానికి అదీ సాయపడుతుంది.

ఆదివారం ఉదయపు తొందర

మన సంఘంలోని తల్లులకు ఇది ముఖ్యంగా చెప్పాలి. ఆదివారం తెల్లవారగానే తలస్నానం చేసి, ఆరాధనకు వేళవుతోందని తడిజుట్టునే గబగబా దువ్వి, బిగించి ముడి వేసి, పిన్నులు గుచ్చి బయలుదేరతాము. మేమూ ఏళ్ల తరబడి ఇలాగే చేశాము. తడిసిన వెంట్రుక సాగుతుంది, సాగినప్పుడు దువ్వెన లాగితే పుటుక్కున తెగుతుంది. శనివారం సాయంత్రమే తలస్నానం చేసుకోండి. తువ్వాలుతో రుద్దకుండా, పాత నూలు బట్టతో అద్ది, నీడలో ఆరనివ్వండి.

జుట్టు ఆరిన తరువాత పెద్ద పళ్ల దువ్వెన తీసుకోండి. పైనుండి కిందికి లాగవద్దు. ముందు కొసల చిక్కు తీసి, నాలుగు వేళ్లు పైకి జరిగి, అక్కడి చిక్కు తీసి, అలా పైకి వెళ్లాలి. చిక్కుకు పైభాగాన జుట్టును చేత్తో పట్టుకుంటే కుదుళ్లకు నొప్పి తెలియదు.

ముడి రోజూ ఒకేచోట వేయకండి. బట్ట తొడుగు లేని రబ్బరు బ్యాండ్లు, కొస ఊడిన పిన్నులు పారవేయండి. బరువైన సవరం రోజూ పెట్టుకోవద్దు. కణతల దగ్గర జుట్టు పలచబడుతుంటే, జడ మరీ బిగించి వేస్తున్నారని గుర్తు. ఎండలోకి వెళ్లేటప్పుడు తలపై కొంగు కప్పుకుంటే తెల్లజుట్టుకు అదే గొడుగు.

రంగు వేయాలా?

వేసుకోవడం, వేసుకోకపోవడం మీ ఇష్టం. ఎక్కువ రోజులు నిలిచే రంగుల్లో ఉండే మందులు వెంట్రుక పైపొరలను తెరిచి రంగును లోపలికి పంపుతాయి. ఆ పొరలు మళ్లీ మునుపటిలా మూసుకోవు. వేసుకునేవారు తెల్లగా వచ్చిన కుదుళ్లకే వేయండి, ప్రతిసారీ జడంతటికీ పులమవద్దు. రంగు వేయడానికి 48 గంటల ముందు చెవి వెనుక చుక్క రాసి చూడండి. దురద గాని, వాపు గాని వస్తే ఇంక ఆ రంగు ముట్టవద్దు. "నల్ల హెన్నా" అని అమ్మే పొడుల్లోనూ ఇవే మందులు కలిపి ఉండవచ్చు. అసలైన గోరింటాకు తెల్లజుట్టును ఎర్రగా చేస్తుంది. కొందరికి జుట్టు పొడిబారుతుంది కనుక మరునాడు నూనె రాసుకోవాలి.

రంగు పొట్లాలు, సీసాలు పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచండి. కొన్ని రంగులు కడుపులోకి పోతే గొంతు వాచి ఊపిరి ఆడక ప్రాణం పోతుంది. ఎవరైనా మింగితే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకురండి.

మంచం పట్టిన పెద్దవారికి

ఒకసారి మా వార్డులో తుంటి ఎముక విరిగిన ఒక పెద్దమ్మ చేరింది. ఇంటి దగ్గర మూడు వారాలు వెల్లకిలా పడుకుని ఉండడంతో నడుము దాటిన తెల్లజుట్టు తల వెనుక జడలు కట్టి ముద్దయింది. కోడలు రాత్రీ పగలూ చాకిరీ చేసి అలసిపోయి ఉంది. "సిస్టరమ్మా, కత్తెర ఇవ్వండి, మెడ దాకా తీసేస్తాను" అంది. ఆమె తప్పేమీ లేదు. మేము శిక్షణ పొందిన రోజుల్లో అయితే మేమే కత్తిరించేవాళ్లము, అడిగేవాళ్లము కూడా కాదు.

పెద్దమ్మ ఏమీ అనలేదు. చెయ్యి ఎత్తి ఆ ముద్ద మీద పెట్టుకుంది. అప్పుడు అడిగాము: "పెద్దమ్మా, ఉంచమంటారా, తీసేయమంటారా?"

"ఉంచమ్మా. నొప్పి ఓర్చుకుంటాను" అంది.

కొబ్బరినూనెతో ముద్దంతా తడిపి, రెండు మధ్యాహ్నాలు ఇద్దరం కూర్చుని, కొసల నుండి వేళ్లతో పాయపాయగా విడదీశాము. దువ్వెన చివర్లో మాత్రమే వాడాము. కొంత జుట్టు పోయింది, ఎక్కువ భాగం మిగిలింది. తరువాత చేయవలసినది కోడలికి నేర్పించి పంపాము. అదే మీకూ చెబుతున్నాము:

మధ్య పాపిట తీసి, చెవుల పక్కగా రెండు వదులు జడలు వేయండి. అప్పుడు తల కింద ముడి ఉండదు, దాని ఒత్తిడి వల్ల పుండు పడే ప్రమాదం కూడా తగ్గుతుంది. దిండు మీద మెత్తని పాత పట్టుచీర ముక్క పరవండి. రోజూ ఒకసారి జడలు విప్పి దువ్వి మళ్లీ అల్లండి. వారానికి ఒకసారి భుజాల కింద రబ్బరు షీటు వేసి, దాని అంచును మంచం పక్కనున్న బకెట్టులోకి దించి తల కడగండి. దువ్వేటప్పుడు తలచర్మాన్ని కూడా చూడండి. పుండ్లు, పేలు ముందే కనబడతాయి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

జుట్టు కుదుళ్ల నుండి గుప్పెళ్లుగా ఊడుతున్నా, తలపై గుండ్రని మచ్చలుగా ఖాళీలు ఏర్పడినా, చర్మం ఎర్రబడి పొలుసులు రాలుతున్నా చూపించుకోండి. అలసట, చలి తట్టుకోలేకపోవడం, బరువు పెరగడం కూడా ఉంటే థైరాయిడ్, రక్తం పరీక్షలు అవసరం. టైఫాయిడ్, డెంగ్యూ వంటి జ్వరాల తరువాత రెండు మూడు నెలలకు జుట్టు ఊడవచ్చు. అది చాలామందికి తిరిగి వస్తుంది, కంగారుపడవద్దు.

వయసు పైబడిందని చారన్నంతో సరిపెట్టుకోకండి. జుట్టు తయారయ్యేది మాంసకృత్తులతోనే. గుడ్డు, పప్పు, పెసలు, వేరుశనగ, పాలు, ఆకుకూరలు రోజూ ఏదో ఒకటి ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

ఇంట్లోని కోడళ్లకు, కూతుళ్లకు ఒక మనవి. మీ అత్తగారికో, అమ్మకో చేతులు పైకి లేవకపోతే, వారానికి ఒక్క సాయంత్రం మీరు జడ వేయండి. కత్తెర తీసుకునే ముందు వారిని ఒక మాట అడగండి. "తీసేయండి, బరువు తగ్గుతుంది" అని వారే అంటే సంతోషంగా తీయండి. "ఉంచండి" అంటే, ఒక గిన్నెడు నూనె, కొంచెం ఓపిక చాలు.