ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు

రంగనాయకసాగర్ కట్ట మీద తీసిన రెండు ఫోటోలు చూపించి మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. "సార్, ఫోన్ ఒకటే, సైజు కూడా రెండిటికీ 4000 ఇంటూ 3000 అనే ఉంది. మరి ఆకాశం ఫోటోకు అన్ని తక్కువ ఎంబీలు, కట్ట కింది వరి పొలానికి అన్ని ఎక్కువ ఎంబీలు ఎట్లయినయి?"

రంగనాయకసాగర్ ఉన్న చంద్లాపూర్ వచ్చినవాళ్లందరి ఫోన్లలోనూ ఇంచుమించు ఇవే ఫోటోలుంటాయి. 2020 ఏప్రిల్‌లో కాళేశ్వరం నీళ్లు చేరినప్పటి నుంచి ఈ 3 టీఎంసీల జలాశయం చూడటానికి జనం వస్తూనే ఉన్నారు. నడుమ గుట్ట, గుట్ట మీద అతిథిగృహం, చుట్టూ నీళ్లు, పైన బోలెడంత ఆకాశం. తీసిన ఫోటో కట్ట దిగకముందే గ్రూపులోకి వెళ్లిపోతుంది. వెళ్లేటప్పుడు దానికి ఏమవుతుందో ఎవరికీ పట్టదు. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరికితే అదీ తెలిసిపోతుంది. ఆ జవాబు ఫోటోలను కుదించే జేపెగ్ అనే యంత్రం పొట్టలో ఉంది. చేత్తో పట్టుకునేది కాకపోయినా నా దృష్టిలో అది అచ్చంగా యంత్రమే. ఒకవైపు అంకెలు పోస్తే మరోవైపు నుంచి తక్కువ అంకెలు వస్తాయి.

4000ను 3000తో గుణిస్తే కోటీ 20 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు వేసుకుంటే 36 ఎంబీలు కావాలి. ఫోన్‌లో ఉన్నదేమో మూడు నాలుగు ఎంబీలు. మిగతాది ఎటు పోయింది?

మొదటి కోత రంగుల దగ్గరే పడుతుంది. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగు తేడాను పట్టలేదు. అందుకని జేపెగ్ వెలుగును విడిగా, రంగును విడిగా రాసుకుంటుంది. వెలుగు ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది. రంగు మాత్రం చాలా ఫోన్లలో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కటే. దీనితోనే బరువు సగం దిగుతుంది. బతుకమ్మ ఫోటోలో ఎర్రపూవు అంచు పక్కనున్న పసుపులోకి కాస్త చెమ్మగిల్లినట్టు కనిపించడం ఈ పొదుపు వల్లే.

అసలు తెలివి ఆ తర్వాత మొదలవుతుంది. ఫోటో మొత్తాన్ని ఎనిమిది పిక్సెళ్ల పొడవు, ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు ఉన్న గడులుగా కోస్తారు. గడికి 64 అంకెలు. మన ఆకాశంలోంచి ఒక వరుస వెలుగు అంకెలు తీసుకుందాం: 200, 201, 201, 202, 203, 203, 204, 205. ఎనిమిది అంకెలూ వేరువేరుగా రాయడం దండగ, ఎందుకంటే ఇవన్నీ ఇంచుమించు ఒక్కటే. "సుమారు 202, కుడివైపుకు కొంచెం తెల్లబారుతోంది" అంటే సరిపోతుంది. ఆ మాటనే లెక్కలో చెప్పే పద్ధతికి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అని పేరు, పొట్టిగా డీసీటీ. ఇది వరుసను కొన్ని కొసైన్ అలల మొత్తంగా విడగొడుతుంది. అసలు కదలని అల ఒకటి, అర ఊపు ఊగేది ఒకటి, పూర్తి ఊపు ఊగేది మరొకటి, ఇలా ఎనిమిది. ఏ అల ఎంత పాళ్లలో ఉందో చెబితే చాలు. పై వరుసకు నేను చేత్తో లెక్క కట్టి చూశాను. మొదటిది 572, రెండోది మైనస్ 4. మిగతా ఆరింటిలో ఒక్కటీ ఒకటి దాకా కూడా రాదు.

అచ్చం ఇలాంటి వరుసలే ఎనిమిది ఒకదాని కింద ఒకటి ఉన్నాయనుకోండి. జేపెగ్ ముందుగా ప్రతి పిక్సెల్ నుంచి 128 తీసేసి, గడి మొత్తానికి డీసీటీ కడుతుంది. అప్పుడు మొదటి అంకె 595, దాని పక్కది మైనస్ 12, తక్కినవన్నీ సున్నా చుట్టుపక్కలే. ఇప్పుడొక పట్టిక తెస్తారు. జేపెగ్ ప్రమాణంలో నమూనాగా ఇచ్చిన ఆ పట్టిక 16, 11, 10 అని మొదలై 99తో ముగుస్తుంది. నెమ్మదిగా ఊగే అలలకు చిన్న అంకెలు, కన్ను అంతగా పట్టించుకోని గబగబా ఊగే అలలకు పెద్ద అంకెలు. డీసీటీ ఇచ్చిన ఒక్కో అంకెనూ దాని చోటున్న పట్టిక అంకెతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సర్దేస్తారు. 595ను 16తో భాగిస్తే 37. మైనస్ 12ను 11తో భాగిస్తే మైనస్ 1. మిగిలిన 62 అంకెలూ సున్నాలే! మూలనుంచి మూలకు ఐమూలగా చదువుకుంటూ పోయి, 37, మైనస్ 1 రాసి, "ఇక ఏమీ లేదు" అని ఒక గుర్తు పెట్టేస్తే గడి పని అయిపోయినట్టే. తెరిచేటప్పుడు లెక్క తిరగేస్తే దాదాపు అదే ఆకాశం వస్తుంది. వరి పొలం గడిలో అలా కుదరదు. ప్రతి ఆకు అంచు దగ్గరా వెలుగు ఎగిరి దూకుతుంది, గబగబా ఊగే అలలు కూడా గట్టిగా ఉంటాయి, సున్నాలు తక్కువ పడతాయి. అమ్మాయి అడిగిన ఎంబీల తేడా అదే.

ఈ డీసీటీ లెక్క కనిపెట్టిన కథ నాకు ఎంతో ఇష్టం. అప్పట్లో ఈ రంగంలో రాజు కార్హూనెన్-లోయేవ్ ట్రాన్స్‌ఫామ్. సమాచారాన్ని తక్కువ అంకెల్లోకి దట్టించడంలో దాన్ని మించింది లేదని గణితమే రుజువు చేసింది. కానీ దాని అలలు ఏ బొమ్మకు ఆ బొమ్మ చూసి విడిగా తయారుచేసుకోవాలి, వేగంగా కట్టే దారి లేదు. ఫూరియే పద్ధతి వేగంగానే ఉంటుంది, కానీ గడి అయిపోగానే అదే గడి మళ్లీ మొదలవుతుందని అనుకుంటుంది. మన వరుసలో 205 తర్వాత మళ్లీ 200 వస్తుందని దాని లెక్క. లేని గట్టును అక్కడ ఊహించుకుని, దాన్ని కట్టడానికి అనవసరమైన అలలన్నీ పోగేస్తుంది. కొసైన్ అలా కాదు. 205 తర్వాత అద్దంలో చూసినట్టు 205, 204, 203 అని వెనక్కి నడుస్తుంది. గట్టు లేదు, దండగ అలలు లేవు. ఇంత చిన్న మార్పుతో, ఏ బొమ్మకైనా మారని అలలతో, డీసీటీ రాజుకు వెంట్రుకవాసి దూరంలోకి వచ్చేసింది.

కనిపెట్టినవారు బెంగళూరులో పుట్టి అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన నసీర్ అహ్మద్. 1972లో ఈ ఆలోచనకు నిధులివ్వమని అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగితే ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందని ఒక సమీక్షకుడు అన్నట్టు అహ్మద్ తర్వాత రాసుకున్నారు. ఆయన ఆగలేదు. విద్యార్థి టి. నటరాజన్‌తో, ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కామిశెట్టి రామమోహనరావుతో కలిసి పని పూర్తిచేశారు. రావుగారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి వెళ్లినవారు. ముగ్గురి పేర్లతో 1974 జనవరిలో వ్యాసం అచ్చయింది. మొత్తం నాలుగు పేజీలు. మన దేశం నుంచి వెళ్లినవాళ్లు రాసిన ఆ నాలుగు పేజీల గురించి మన పాఠ్యపుస్తకాల్లో పిల్లలకు చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

తక్కిన చరిత్ర చకచకా చెప్పేస్తాను. ఫోటోలకు ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి కావాలని 1986లో నిపుణుల బృందం ఏర్పడింది. పోటీకి వచ్చిన పన్నెండు పద్ధతుల్లో 1988 జనవరి పరీక్షలో ఎనిమిదెనిమిదుల డీసీటీ నెగ్గింది. 1992లో ప్రమాణం వెలువడింది. అలల తీరునే మార్చిన జేపెగ్ 2000 గట్టిదే అయినా మామూలు జనంలోకి రాలేదు. గూగుల్ వెబ్‌పీ, ఐఫోన్ల హెచ్‌ఈఐసీ వచ్చాయి. ఈ రెండిటిలోనూ తిరిగేది డీసీటీ వంశపు లెక్కే.

ఇప్పుడు మనం ఫోటో పంపేటప్పుడు ఎదురయ్యే సెట్టింగులకు వద్దాం. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే "క్వాలిటీ" అంకె శాతం కాదు, గడి అంకెలను భాగించే ఆ పట్టికను ఎంత పెంచాలో తగ్గించాలో చెప్పే మీట. టామ్ లేన్ బృందం 1991 నుంచి అందరికీ ఉచితంగా ఇచ్చిన జేపెగ్ ప్రోగ్రాంలో 50 అంటే పట్టిక ఉన్నదున్నట్టు, 75 అంటే పట్టికలో సగం, 90 అంటే ఐదో వంతు. 10కి దించితే పట్టిక ఐదింతలవుతుంది. మన ఆకాశం గడిలో 16 కాస్తా 80, 11 కాస్తా 55 అవుతాయి. 595లో 7 మిగులుతుంది, మైనస్ 12 సున్నాలో కలిసిపోతుంది. మెల్లగా తెల్లబారే ఆకాశం పోయి గడంతా ఒకే 198 అవుతుంది. పక్క గడి 208కి దూకుతుంది. వాట్సప్‌లో సాయంకాలపు ఆకాశం పలకలు పలకలుగా పగిలినట్టు కనిపించేది ఇందుకే. నా ఉద్దేశంలో 80కి అటూఇటూ ఉంచితే చాలు. 100 పెడితే ఎంబీలు పెరుగుతాయి తప్ప కంటికి దక్కేదేమీ ఉండదు.

క్వాలిటీ కన్నా ముందు చూడాల్సింది పిక్సెళ్లు. దరఖాస్తుల్లో "ఫోటో 50 కేబీ లోపు" అంటారు. 50 కేబీ అంటే సుమారు 4 లక్షల బిట్లు. 4000 ఇంటూ 3000 ఫోటోను అలాగే ఉంచి క్వాలిటీ తగ్గిస్తూ పోతే, కోటీ 20 లక్షల పిక్సెళ్లలో ఒక్కోదానికి బిట్‌లో ముప్పయ్యో వంతు దక్కుతుంది. మొహం గుర్తుపట్టలేం. అదే ఫోటోను ముందు కత్తిరించి 400 ఇంటూ 500కి కుదించండి. ఇప్పుడున్నవి 2 లక్షల పిక్సెళ్లు, ఒక్కోదానికి రెండు బిట్లు. జేపెగ్ గురించి 1991లో రాసిన వ్యాసంలో గ్రెగరీ వాలెస్, ఒకటిన్నర నుంచి రెండు బిట్లుంటే మామూలుగా అసలుకీ నకలుకీ తేడా తెలియదని చెప్పాడు. కేబీలు అవే, ఫలితం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

ఇన్‌స్టాగ్రామ్ 1080 పిక్సెళ్ల వెడల్పుకు మించితే తానే కుదిస్తుంది. వాట్సప్ మామూలుగా పొడవు వైపును 1600 చుట్టుపక్కలకు తెస్తుంది. 2023 ఆగస్టు నుంచి హెచ్‌డీ మీట ఇచ్చింది, దాన్ని వాడుకోండి. స్క్రీన్‌షాట్ తీసి, అంచులు కత్తిరించి, మళ్లీ పంపడం మాత్రం చెయ్యకండి. ఎనిమిదెనిమిదుల గడులు చోటు తప్పుతాయి, సర్దుబాటు అంతా కొత్తగా మొదలై మచ్చ మీద మచ్చ పడుతుంది. అక్షరాలున్న కాగితాల విషయంలో ఇంకా జాగ్రత్త. నలుపు తెలుపుల మధ్య నిట్టనిలువు గట్టును కట్టాలంటే అలలన్నీ కావాలి. వాటిని కోసేస్తే అక్షరాల చుట్టూ మురికి ముసురుతుంది, మన ఒత్తులు ముందు పోతాయి. స్క్రీన్ మీది అక్షరాలకు పీఎన్‌జీ వాడండి, అందులో ఈ సర్దుబాటు ఉండదు.

ఇక ఫ్లెక్సీ. ఆరడుగుల ఫ్లెక్సీకి 1600 పిక్సెళ్ల ఫోటో ఇస్తే అంగుళానికి 22 పిక్సెళ్లే వస్తాయి. ఒక్కో పిక్సెల్ మిల్లీమీటరు కన్నా పెద్దది. అసలు ఫోటో అయితే 55కు పైనే వస్తాయి. ఫ్లెక్సీ వేసేవాళ్లు "డాక్యుమెంట్‌లో పెట్టి పంపండి" అనేది అందుకే. అలా పంపితే వాట్సప్ ఫోటోను ముట్టుకోదు. సర్దుబాటులో పోయిన అలలను ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. గ్రూపులో కాపీ ఉంది కదా అని ఫోన్‌లోని అసలు ఫోటోను తుడిచెయ్యకండి.