మ్యూజియం, వికీ, మనం



మ్యూజియం అనగానే మన కళ్ళ ముందు మెదిలేది ఒక అద్దాల పెట్టె, అందులో ఒక పాత వస్తువు, దాని కింద రెండు వరుసల చీటీ. ఆ చీటీ మీద వస్తువు పేరు, కాలం, దొరికిన చోటు ఉంటాయి. దాన్ని ఎవరు చేశారు, ఎవరు వాడారు, వాళ్ళు దాన్ని ఏమని పిలిచేవారు అన్న సంగతులు చాలాసార్లు ఉండవు. చీటీ రాసిన వారికి అవి తెలియకపోవచ్చు. తెలిసిన వారు ఎక్కడో ఒక ఊళ్ళో ఉంటారు. ఈ ఇద్దరినీ కలపడానికి నేడు రెండు సాధనాలు ఉన్నాయి. ఒకటి వికీ, రెండోది సోషల్ మీడియా. ఇవి ఎలా పనిచేస్తాయో, వీటితో మనకేం పనో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నోటీసు బోర్డు – స్టాక్ రిజిస్టరు

ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియాలంటే మన హాస్టలే చాలు. సోషల్ మీడియా నోటీసు బోర్డు లాంటిది. ఉదయం అంటించిన కాగితం చుట్టూ అందరూ మూగుతారు, చదువుతారు, మాట్లాడుకుంటారు. వారం తిరిగేసరికి దాని మీద ఇంకో కాగితం పడుతుంది. వికీ స్టాక్ రిజిస్టరు లాంటిది. నింపడానికి కాలం పడుతుంది కానీ నిలిచి ఉంటుంది. అయితే స్టాక్ రిజిస్టరు వార్డెన్ సార్ బీరువాలో ఉంటుంది. వికీలో ఎవరైనా రాయవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. ఏ మార్పు ఏ రోజున ఏ పేరుతో జరిగిందో అక్కడే నమోదవుతుంది. ఎవరైనా పాడుచేస్తే పాత ప్రతిని మళ్ళీ పెట్టవచ్చు. వికీపీడియా 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది.

బయటి దేశాల అనుభవం

2008 జనవరిలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన దగ్గరున్న సుమారు 3 వేల పాత ఫొటోలను ఫ్లికర్ అనే వెబ్‌సైటులో పెట్టి, వీటి గురించి తెలిసింది చెప్పమని ప్రజలను అడిగింది. ఇది మా ఊరి వీధి అని ఒకరు, ఇందులో ఉన్నది ఫలానా వ్యక్తి అని ఇంకొకరు రాశారు. సిబ్బంది వాటిని సరిచూసుకుని, ఆ ఏడాదిలోనే 500కు పైగా ఫొటోల వివరాలను తమ కేటలాగులో మెరుగుపరిచారు. ఆ తర్వాత అనేక మ్యూజియాలు ఇదే బాట పట్టాయి.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ఇంకో పద్ధతి చూపింది. మన అమరావతి స్తూపపు శిల్పాలు వందకు పైగా ఉన్న మ్యూజియం ఇదే. 2010లో ఆస్ట్రేలియాకు చెందిన వికీపీడియా రచయిత లియామ్ వయట్ అక్కడ ఐదు వారాలు స్వచ్ఛందంగా పనిచేశారు. వస్తువుల సంగతి తెలిసిన క్యూరేటర్లను, వ్యాసాలు రాసే వికీ సభ్యులను ఒకచోట కూర్చోబెట్టడం ఆయన పని. అలా కలిసి పెంచిన వ్యాసాల్లో ఒకటి హాక్సన్ నిధి గురించినది. 1992లో ఇంగ్లండ్‌లోని ఒక పొలంలో పోయిన సుత్తిని వెతుకుతుంటే దొరికిన రోమన్ కాలపు బంగారు, వెండి నిధి అది. ఆ సుత్తి కూడా ఇప్పుడు ఆ మ్యూజియం సేకరణలోనే ఉంది. ఒక మామూలు పనిముట్టు కూడా చరిత్రే అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

2011లో ఇంగ్లండ్‌లోని డెర్బీ మ్యూజియం వస్తువుల పక్కన క్యూఆర్ కోడ్‌లు పెట్టింది. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ వస్తువు మీద ఉన్న వికీపీడియా వ్యాసం చూసేవారి భాషలోనే తెరుచుకుంటుంది. అయితే ఆ భాషలో ఎవరో ఒకరు ముందే రాసి ఉండాలి. తెలుగులో మనం రాయకపోతే తెలుగులో ఏమీ రాదు.

సోషల్ మీడియా విషయానికొస్తే, 2020 మార్చిలో కరోనా వల్ల అమెరికాలోని ఓక్లహామా నగరంలో ఉన్న నేషనల్ కౌబాయ్ మ్యూజియం మూతపడింది. లోపల కాపలా ఉన్న భద్రతా విభాగం అధిపతికే ట్విట్టర్ ఖాతా అప్పగించారు. హ్యాష్‌టాగ్ గుర్తు పెట్టాలని కూడా తెలియక ఆయన ఆ మాటనే అక్షరాల్లో రాశారు. రోజూ తను చూసే వస్తువుల గురించి తన మాటల్లో చెప్పారు. లక్షలమంది ఆ ఖాతాను అనుసరించారు. పండితుల భాష రాకపోయినా వస్తువును దగ్గరగా ఎరిగిన మనిషి మాటకు విలువ ఉంటుందని దీన్ని బట్టి తెలుస్తోంది.

2018 సెప్టెంబరు 2న బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో 200 ఏళ్ళ జాతీయ మ్యూజియం కాలిపోయింది. అందులోని సుమారు 2 కోట్ల వస్తువుల్లో అత్యధిక భాగం బూడిదైంది. అప్పుడు అక్కడి మ్యూజియం చదువుల విద్యార్థులు, మీరు గతంలో తీసిన ఫొటోలు పంపండని సోషల్ మీడియా ద్వారా అందరినీ అడిగారు. ఫొటోలు వేల సంఖ్యలో వచ్చాయి. వికీపీడియా కూడా అలాంటి పిలుపే ఇచ్చింది. పోయిన వస్తువులు తిరిగి రావు. వాటి ఆనవాళ్ళు కొన్ని జనం దగ్గరున్న ఫొటోల్లో మిగిలాయి.

చిక్కు ఎక్కడుంది?

వికీపీడియాలో రాసే ప్రతి ముఖ్య విషయానికీ ప్రచురితమైన ఆధారం చూపాలి. ఈ నియమం మంచిదే. లేకుంటే ఎవరికి తోచింది వారు రాస్తారు. కానీ అచ్చులోకి ఎక్కినవారు ఎవరు, ఎక్కనివారు ఎవరు? మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటి తరం మాది. మా తాతల చేతుల్లో ఆరె, రంపె ఉండేవి. తోలును సున్నంలో ఎన్నాళ్ళు నానబెట్టాలో, తంగేడు చెక్క ఎంత వేయాలో వారికి చేతి లెక్క. ఆ పనిముట్టే మ్యూజియానికి చేరితే తోలు కోసే కత్తి అని రెండు ముక్కల చీటీ వస్తుంది. తాత మాటకు అచ్చు ఆధారం లేదు కాబట్టి వికీలోకీ రాదు.

ఈ చిక్కు మనకే కాదు, ప్రపంచమంతటా ఉంది. 2011లో మన దేశంలోను, దక్షిణాఫ్రికాలోను మనుషుల నోటిమాటను రికార్డు చేసి వికీపీడియాకు ఆధారంగా చూపే ప్రయోగం జరిగింది. అయినా ఆ నియమం ఇప్పటికీ ప్రచురిత ఆధారాన్నే అడుగుతోంది.

సరిగ్గా ఇక్కడే మ్యూజియం ఉపయోగపడుతుంది. వస్తువు ఫొటోను సోషల్ మీడియాలో పెట్టి, దీన్ని మీ ఊళ్ళో ఏమంటారని అడగవచ్చు. జవాబిచ్చిన వారి ఇంటికి వెళ్ళి, వారి అనుమతితో, వారి పేరుతో పెద్దల మాటలు రికార్డు చేయవచ్చు. వాటిని సరిచూసి, తేదీ, నంబరు వేసి తన కేటలాగులో ప్రచురించవచ్చు. అప్పుడు అది ప్రచురిత ఆధారమవుతుంది. దాన్ని చూపి ఎవరైనా వికీలో రాయవచ్చు. నోటీసు బోర్డు మీద మొదలైన మాట ఇలా రిజిస్టరులోకి చేరుతుంది. అలాగని అన్నీ అందరికీ చూపనవసరం లేదు. పూజకు, చావుకు సంబంధించిన వస్తువుల విషయంలో ఏది చూపాలో చెప్పే హక్కు ఆ జనానిదే.

మనం చేయదగినవి

1. మ్యూజియానికి వెళ్ళినప్పుడు చీటీ పూర్తిగా చదవాలి. తప్పున్నా, పేరు లేకున్నా మర్యాదగా ఉత్తరమో ఈమెయిలో రాయాలి.

2. ఫొటోలకు అనుమతి ఉన్నచోట మనం సొంతంగా తీసిన ఫొటోలను ఊరు, తేదీ, వాడుక పేరుతో వికీమీడియా కామన్స్‌లో చేర్చాలి.

3. యూనివర్సిటీల్లో చదువుతున్న అన్నలు, అక్కలు లైబ్రరీలో మన వృత్తుల మీద ఉన్న పుస్తకాలు వెతికి, వాటి ఆధారంతో తెలుగు వికీపీడియాలో రాయాలి.

4. సెలవులకు ఇంటికి వెళ్ళే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అవ్వనో తాతనో పక్కన కూర్చోబెట్టుకుని వారు వాడిన పనిముట్ల పేర్లు రాసుకోవాలి. ఇది అన్నిటికన్నా ముందు చేయాలి. వికీ రేపూ ఉంటుంది, మ్యూజియం రేపూ ఉంటుంది. ఆ పేర్లు తెలిసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

మన గురించి ఇంతకాలం ఇతరులు రాశారు. వారు రాసింది కొంత నిజం, కొంత సగం. మిగిలిన సగం మన ఇళ్ళలో ఉంది. చదువుకున్న వాళ్ళుగా దాన్ని అక్షరాల్లో పెట్టడం మనందరి బాధ్యత.