ద్రాక్ష వేరులో దాగిన శత్రువు

ఖరగ్‌పూర్‌లోని ఇందాలో పెరటి పందిరికి ఒక్క ద్రాక్షతీగ పాకించినవారైనా, దీర్ఘకాలిక ఋణంతో తోట వేసిన రైతులైనా ఒక విషయం గుర్తుంచుకోవాలి. తీగ నీరసించినప్పుడు ఎరువుకు ఖర్చు చేసేముందు మొదలును, వేరును పరీక్షించాలి.

ఇందుకు అమెరికా తూర్పు రాష్ట్రాలలోని ద్రాక్ష వేరుతొలుచు పురుగు మంచి ఉదాహరణ. దీని శాస్త్రనామం విటేసియా పోలిస్టిఫార్మిస్. పోలిస్టిస్ జాతి కందిరీగను పోలి ఉండటంవల్ల దీనికి ఆ పేరు వచ్చింది. పగటిపూట ఎగిరే ఈ రెక్కల పురుగును చూసి కందిరీగ అని భ్రమపడటం సహజం. ఇది వారం రోజులకు మించి అంతగా బ్రతకదు. కాని ఆ కొద్ది రోజులలోనే కలుపు మొక్కలపైన, ఆకులపైన వందలాది గుడ్లు పెడుతుంది. గుడ్లనుండి వెలువడిన పిల్లపురుగులలో అధికభాగం వేరును చేరకుండానే నశిస్తాయి. చేరినవి మాత్రం సాధారణంగా రెండేళ్లకు దగ్గరగా వేరులోనే ఉండి తొలుస్తాయి. తీగ క్రమంగా క్షీణిస్తుంది, దిగుబడి తగ్గుతుంది, చివరకు తీగ చచ్చిపోవచ్చు.

వేరులోని పురుగుకు పైనుండి చల్లిన మందు అందదు. అక్కడి రైతులు వేసవిలో తీగ మొదళ్ల చుట్టూ నేలమీద తేలిన గోధుమరంగు ఖాళీ గూళ్లను వెదకి దాని ఉనికిని గుర్తిస్తారు. కలుపు తీసివేస్తారు. పురుగు నేల పైపొరలో కోశస్థ దశకు చేరిన పిదప మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తే, రెక్కల పురుగు బయటకు రాలేక నశిస్తుంది. ముందుగానే ఎగదోస్తే పురుగు ఆ మట్టిలోకే ఎగబ్రాకి గూడు కట్టుకొంటుంది, శ్రమ వృథా. లింగాకర్షక పదార్థాలతో జతకట్టకుండా చేయడం మరొక పద్ధతి.

ఇది మన దేశపు పురుగు కాదు. కావున అమెరికాలోని బంధువుల నుండి ద్రాక్ష మొక్కలను, మట్టిని సామానులో తెప్పించుకోరాదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం మొక్కల దిగుమతికి అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం అవసరం.

మన తోటలకు వేరే శత్రువులున్నాయి. కాండంపై రంధ్రాలు, వాటినుండి రాలిన పొట్టు కనిపిస్తే పెంకుపురుగు పిల్లలు తొలుస్తున్నాయని అనుమానించాలి. వేళ్లపై బుడిపెలుంటే నులిపురుగులు కారణం కావచ్చు. ఈ రెండింటికీ చికిత్స వేరు. కావున వ్యవసాయ అధికారికి చూపి నిర్ధారించుకోవాలి.

నాటిన రెండు మూడేళ్లకు గాని ద్రాక్ష పంట చేతికి రాదు. ఋణ వాయిదాలు ఆ పంటపైనే ఆధారపడి ఉంటాయి. నెలకొకసారి వంగి మొదలు చూచుకొనే అలవాటుకు పైసా ఖర్చు లేదు. అది మీ పెట్టుబడికి మొదటి కాపలా.