నిండు కడుపుల కూరగాయలు

గ్రీసు దేశపు పల్లెలయందును, పట్టణములలోని పాత పేటలయందును, ఇంటింటికి ఓవెను వచ్చుటకు పూర్వము, ఆదివారమునాటి ఉదయమున గృహిణులు పెద్ద పెద్ద పళ్లెరములను చేతబట్టుకొని రొట్టెల దుకాణమునకు పోవుటయు, తెల్లవారుజామున రొట్టెలు కాల్చి ముగించిన బట్టీలో మిగిలియున్న వేడిమికి వానిని అప్పగించి తాము ప్రార్థనకు వెళ్లుటయు, తిరిగివచ్చుచు దారిలోనే భోజనమును తీసికొనిపోవుటయు సర్వసాధారణమైన ఆచారముగ నుండెడిది. వేసవిలో ఆ పళ్లెరములయందు తరచుగ కానవచ్చు వంటకమొకటి కలదు: లోపలి గుజ్జు తీసి, బియ్యము కూరి, తొడిమవైపు కోసిన ముక్కనే మూతగ నిలిపి, నూనె ధారాళముగ పోసి కాల్చిన టమాటాలును బుట్టమిరపకాయలును. గ్రీకులకిది గెమిస్తా, తురుష్కులకు దోల్మా, అర్మేనియనులకు తోల్మా, అరబ్బులకు మహ్షీ.

దీని పుట్టినిల్లు ఎవరిదన్న తగవు ఆ జాతుల నడుమ ఇంకను తెగలేదు. ఆ తగవు తీర్చవలసిన అగత్యము మనకు లేదు. ఈ జాతులలో పెక్కు ఉస్మానియా సుల్తానుల యేలుబడిలో శతాబ్దములతరబడి మెలగినవి. 1574 నాటి అగ్నిప్రమాదము పిమ్మట సినాను మహాశిల్పి తిరిగి కట్టిన తోప్‌కాపి ప్రాసాదపు వంటశాలలను, నేటికిని ఇస్తాంబులు ఆకాశమున నిలిచియున్న వాని పొగగొట్టముల వరుసను చూచినవానికి, అంతటి పొయ్యిలున్న రాజధానినుండి రుచులు ఎల్లలు దాటుట వింతగ తోచదు. అయితే ఆనాటి కూరుడు వంటలకు ఆధారము ద్రాక్షాకును, వంకాయయు, ఉల్లియు వంటివే. టమాటాయు బుట్టమిరపయు అమెరికాఖండమునుండి 1492 తరువాతనే సముద్రము దాటి వచ్చినవి. ఆలస్యముగ వచ్చిన ఈ అతిథులే నేడు పళ్లెరమున అగ్రాసనమును ఆక్రమించినవి.

వంట తెలిసినవారు ఈ పనిలో మొదట నేర్పునది వెలితి విడుచుట. బియ్యమును ముందుగ అన్నముగ వండి కూరరాదు; పచ్చిదిగనో, సగము ఉడికినదిగనో కూరవలెను; అది ఉడుకునప్పుడు రెండింతలకు మించి ఉబ్బును గనుక కాయను ముప్పాతిక వరకే నింపవలెను. ఆశకొద్ది అంచులదాక కూరినచో కాయ చిట్లుటయో, గింజ పలుకుగ మిగిలిపోవుటయో తప్పదు. ఆ బియ్యము ఉడుకుటకు వలసిన నీటిలో పెద్దపాలు కాయనుండియే రావలెను: టమాటానుండి తీసిన గుజ్జును పారవేయక తరిగి, సన్నగ కోసి నూనెలో మెత్తబడువరకు మగ్గించిన ఉల్లితోడను, పుదీనాతోడను, బియ్యముతోడను కలుపుదురు. అందుచేత టమాటా ఇచ్చట వంటకమును మోయు పాత్ర మాత్రమే కాదు, దానిని వండు పాత్ర కూడ. తన రసముతోనే తన కడుపులోని గింజను ఉడికించును. కాయల సందులలో ఆలుగడ్డ ముక్కలు దూర్చుట గ్రీకుల పద్ధతి. కారిన రసమును, నూనెను త్రాగి అంచులు ఎర్రబడిన ఆ ముక్కలకొరకు పంక్తిలో పిల్లలు తగవులాడుకొనినచో నేను పిల్లల పక్షమే వహింతును.

ఇక సుగంధద్రవ్యముల మాట. ఇస్తాంబులు పద్ధతిలో మాంసము లేక, నూనెతోనే వండి చల్లార్చి తిను దోల్మాలో దాల్చినచెక్క, మిరియము, జమైకా మిరియమని చెప్పదగిన ఆల్‌స్పైసు పడును. వానికి తోడు నల్లని చిన్న ఎండుద్రాక్షయు, మన చిల్గోజా జాతికి చెందిన పైను గింజలును. ఆల్‌స్పైసులో లవంగమునందున్న యూజెనాలు తైలమే ప్రధానము గనుక, అది దొరకనిచోట మన పోపులపెట్టెలోని లవంగమును చిటికెడు నూరి వేసిన పని జరుగును. వైద్యులు ఉష్ణద్రవ్యములని పేర్కొను ఈ దినుసులను మన మసాలాలలో దండిగ వాడుట మనకు అలవాటు. ఇచ్చట ఆ చేతిని బిగబట్టవలెను. పది టమాటాలకు అరచెంచా దాల్చినపొడి చాలును. అది నూనెలోనే పరిమళమును విడుచును గనుక ఉల్లి మగ్గిన పిదప, బియ్యము వేయుటకు ముందు, పొయ్యిమీదనే కలుపవలెను. తినువానికి దాల్చిన ఇదియని తెలియరాదు. ఏదో తీపియు వెచ్చదనమును కలదని మాత్రము తోచవలెను.

మన గుత్తివంకాయకును దీనికిని గల భేదము ఇచ్చటనే తేటపడును. బసవరాజు అప్పారావుగారు పాటగ కట్టి రాష్ట్రమంతట మ్రోగించిన ఆ కూరలో, వేరుసెనగలు, నువ్వులు, ధనియాలు వేయించి నూరిన కారము వంకాయ కొరకై పుట్టినది. కాయయే రాజు, కారము దాని అలంకారము. దోల్మాలో కాయ కడుపులోని అన్నమునకు ఊడిగము చేయును. మనము అన్నమును విడిగ వండి కూరను దానిలో కలిపికొందుము. వారు అన్నమునే కూరలో దాచిరి.

వంకాయతో దోల్మా చేయువారికి చిక్కు మరియొకటి. దాని కండ స్పంజివలె గాలితో నిండియుండుటచే నూనెను ఎంత పోసిన అంత పీల్చును. ముందుగ ఉప్పునీట నానవేసిన, లేదా కొంచెము ఉడికించిన, ఆ గాలిగదులు కూలి దాహము తగ్గును. తురుష్కదేశపు ఆగ్నేయమున గాజియాంతెపు ప్రాంతమువారు దీనికి వేరొక ఉపాయము కనిపెట్టిరి: వేసవిలో వంకాయలను డొల్చి, డొల్లలను దారమునకు గ్రుచ్చి ఎండగట్టి, చలికాలమున నీట ఉడికించి మెత్తపరచి కూరుకొందురు. ఎండిన డొల్లకు పచ్చికాయకు లేని సాగుడును, చిక్కని రుచియు అబ్బును. నాకు ఆ రుచియే మిన్న.

ఈ కూరుడు వంటకపు జాడలు మన దేశమునను కలవు. కలకత్తాలో 1724లో దేవాలయము కట్టుకొనిన అర్మేనియనుల సాంగత్యముననే వంగీయుల కూరుడు వంటకమగు పర్వల్ దోర్మా పుట్టినదని అచ్చటివారు చెప్పుకొందురు. బాగ్దాదునుండి అదే నగరమునకు వచ్చిన యూదులు తమ కూరుడు కాయలను మహాషా అని పిలిచికొనిరి.

మన యిండ్లలో దీనిని ప్రయత్నించువారు గట్టి టమాటాలనే ఏరుకొనవలెను. మెత్తనివి ఓవెనులో కూలబడును. 180 డిగ్రీల వేడిమిలో గంటకు పైగ పట్టును. మొదట మూతపెట్టి, చివరి అరగంట తీసివేసినచో పైచర్మము ముడుతపడి అక్కడక్కడ నల్లబడును, రసము చిక్కబడును. ఓవెను లేనివారు అడుగుమందము గిన్నెలో పేర్చి, సన్నని సెగమీద మూతపైని నిప్పులు పోయవచ్చును. ఆలివు నూనె ఖరీదనిపించినచో వాసన తక్కువగల ప్రొద్దుతిరుగుడు నూనె మేలు. వేరుసెనగ నూనెయు, నువ్వుల నూనెయు మన పచ్చళ్లకు ఎంత శోభనిచ్చునో, ఇచ్చట దాల్చిన పరిమళమును అంతగ మింగివేయును. దింపిన వెంటనే వడ్డింపక గోరువెచ్చగ కానిచ్చి, ప్రక్కన గట్టి పెరుగు పెట్టవలెను. మిగిలినవి మరునాటి ఉదయమునకు ఇంకను బాగుండును.