ఎండకు మొరాయించే పాత స్పోర్ట్స్ కారు

మే నెల. మిట్టమధ్యాహ్నం. కృష్ణగిరి నుంచి హోసూరు వైపు ఎగువకు వెళ్తున్నారు. పాత కారు రెండు మూడుసార్లు దగ్గి ఆగిపోయింది. ట్యాంకులో పెట్రోలు ఉంది, బ్యాటరీ బాగానే ఉంది. అరగంట పోయాక ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టయింది. మెకానిక్కుకు చూపిస్తే లోపం దొరకదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. పెట్రోలు గొట్టంలోనే ఆవిరై, దారికి అడ్డుపడటమన్న మాట.

పెట్రోలు అనేక ద్రవాల మిశ్రమం. వాటిలో తేలికైనవి సుమారు 40 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే మరగడం మొదలుపెడతాయి. పంపు పీల్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది కనుక ఇంకా ముందే మరుగుతాయి. బోండాంలో వేసిన స్ట్రాకు చిల్లు పడితే నీళ్లకు బదులు గాలి వస్తుంది కదా! పంపు గతీ అంతే. ఆవిరిని పీలుస్తుంది తప్ప కార్బురేటరుకు పెట్రోలు అందించలేదు.

1962లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌నే చూడండి. హెరాల్డ్ కారు ఛాసిస్‌ను కుదించి చేసిన రెండు సీట్ల బండి అది. ఆ హెరాల్డే మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారైంది. స్పిట్‌ఫైర్‌లో కార్బురేటర్లూ, మండిన పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఇంజనుకు ఒకే పక్కన ఉంటాయి. పంపు కూడా ఇంజనుకే బిగించి ఉంటుంది. పొయ్యి మీద పాలు పెట్టి పొంగకూడదంటే ఎలా? దీనికి తోడు 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసింది. ఇది ఆవిరయ్యే గుణాన్ని పెంచుతుంది, ఆ కాలపు రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది.

మరి నివారణ? మొదట రేడియేటరు, ఫ్యాను బెల్టు, ఇగ్నిషన్ టైమింగు సరిచూపించండి. ఇంజనే వేడెక్కుతుంటే తక్కినవన్నీ వృథా. రెండోది, ఎగ్జాస్టు పక్కగా పోయే పెట్రోలు గొట్టాన్ని దూరంగా మళ్లించండి. బీటలు వారిన రబ్బరు గొట్టాలు తీసి, ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి. మూడోది, కార్బురేటరు అడుగున వేడిని ఆపే బేకలైట్ దిమ్మ, ఎగ్జాస్టుకు అడ్డంగా రేకు తెర పెట్టించండి. అప్పటికీ లొంగకపోతే ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు వేయించండి. దూరం నుంచి పీల్చే పంపుకన్నా దగ్గరుండి నెట్టే పంపు మేలు. అయితే ఒత్తిడి ఎక్కువైతే కార్బురేటరు పొర్లుతుంది. ఆ కార్బురేటరుకు తగిన పంపే వేయాలి. ప్రమాదం జరిగితే పంపును ఆపే స్విచ్చి కూడా తప్పనిసరి.

ఒక్కోసారి టీ తాగడానికి ఆపిన కారే స్టార్టు కాదు. కార్బురేటరులోని పెట్రోలు వేడికి మరిగి ఇంజనులోకి పొర్లి ఉంటుంది. బానెట్ తెరిచి, పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా ఆగండి. తర్వాత యాక్సిలరేటరును పదే పదే తొక్కకుండా, ఒక్కసారి అడుగుదాకా నొక్కిపట్టి స్టార్టు చేయండి.

తొందరపడి సీసాతో కార్బురేటరులో పెట్రోలు పోసేవారున్నారు. ఇంజను ఒక్కసారి వెనక్కి మంట చిమ్మిందంటే కారూ, చేతులూ కాలతాయి. నీడన అరగంట ఓపిక పట్టడమే అన్నిటికన్నా మంచి మరమ్మతు.