తానీషా ఇచ్చిన ఊరు, వాటాలు తేల్చిన దస్తావేజు

గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానీషా మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్‌గారు. కృష్ణా జిల్లాలో తానీషాను వెతికితే ఏ దారైనా కూచిపూడికే చేరుస్తుంది. పామర్రు నుంచి చల్లపల్లి పోయే రోడ్డు మీద, క్షేత్రయ్యగారి మొవ్వ పక్కనే ఉన్న ఊరు. బందరు (మచిలీపట్నం) వెళుతూ సుల్తాను ఇక్కడ ఆగాడనీ, భాగవతుల ఆట చూసి ముచ్చటపడి ఊరిని అగ్రహారంగా రాసిచ్చాడనీ ప్రతీతి. 1675 అని కొందరంటే, 1678 అని కొందరు.

తానీషా అంటే నాకూ ఇష్టమే. అయినా ఒక్క రాత్రి ఆటకి ఊరు ఇచ్చేశాడంటే మనసొప్పదు. దివాణంలో చక్రం తిప్పిన మాదన్న, అక్కన్నల చెవిన పడకుండా అగ్రహార దానం జరిగి ఉంటుందా?

నన్ను కట్టిపడేసింది మాత్రం 1763 నాటి పంపకాల దస్తావేజు. అప్పటికి గోల్కొండ కూలి 76 ఏళ్లు. ఊళ్లో ఎవరికి హక్కుందో అది ఇంటిపేర్లతో సహా చెబుతుంది: వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి... కూచిపూడి ఆట తెలిసినవాళ్లకు ఇవి గురువుల పేర్లు. దస్తావేజుకు మాత్రం భూమి వాటాదారులు. నేల మీద హక్కూ, గజ్జె మీద హక్కూ ఒకే ఇళ్లలో ఉండిపోయాయి.

అందులో లేనివాళ్ల సంగతేమిటి? సత్యభామ కథైన భామాకలాపం ఆడిన కోస్తా కలావంతులకు, అంటే ఆటపాటలే వృత్తైన స్త్రీలకు, ఆ అగ్రహారంలో సెంటు భూమి లేదు. వాటాలున్న ఇళ్ల ఆడవాళ్లు గజ్జె కట్టలేదు. సత్యభామ జడ మగవాడి భుజం మీదే పడింది. ఆ వేషంలో వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) పేరు ఊరూరా మోగింది. వెంపటి చినసత్యం మద్రాసు వెళ్లి 1963లో అకాడమీ పెట్టి, ఏ ఇంటిపేరు ఆడపిల్లకైనా అడుగులు నేర్పారు. దస్తావేజుకు సరిగ్గా 200 ఏళ్లు నిండిన సంవత్సరమది. సుల్తాను ఇచ్చిన నేల కదలలేదు. ఆట మాత్రం ఆ హద్దులు దాటేసింది.

ఇక తానీషా చరిత్ర, గబగబా: 1672లో మామ అబ్దుల్లా కుతుబ్‌షా పోయాక గద్దె. 1677లో శివాజీతో పొత్తు. 1686లో అక్కన్న, మాదన్నల హత్య. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి, లోపలివాళ్ల ద్రోహంతో తెరుచుకున్న కోట తలుపు. ఆపైన దౌలతాబాదు చెర, అక్కడే మరణం.

బాక్స్ 1: బందరు ఎందుకు?
గోల్కొండకు సముద్రం మీద వాకిలి మచిలీపట్నమే. ఇంగ్లీషువాళ్లు 1611లోనే ఇక్కడ కోఠీ తెరిచారు. అద్దకం బట్టలు ఇక్కణ్ణించే ఓడలెక్కేవి.

బాక్స్ 2: భద్రాద్రిలో ఇదే రాజు
భద్రాచల రామదాసుగా పేరుపడ్డ కంచెర్ల గోపన్నను ఖైదు చేయించిందీ తానీషాయే. గుడికి వాడేసిన ఖజానా సొమ్ము బాకీని రామలక్ష్మణులే కట్టాక వదిలేశాడని కథ. సీతారాముల కల్యాణానికి ఆయన పంపాడనే ముత్యాల తలంబ్రాలను నేటికీ ప్రభుత్వమే పంపుతోంది. కూచిపూడిలో దాత, భద్రాచలంలో మొదట జైలరు, తర్వాత భక్తుడు. ఓడిపోయిన రాజుకు ఇంత మంచిపేరు మిగలడం అరుదు. గెలిచిన ఔరంగజేబుకు కృష్ణా జిల్లాలో అలాంటి కథ ఒక్కటీ నా చెవిన పడలేదు.